గురి చేతిదా, ప్రోగ్రామ్‌దా?

భిలాయ్ ఉక్కు నగరంలోని రుఆబాంధా సెక్టార్‌లో ఒక క్వార్టర్. పన్నెండో తరగతి చదివే కుర్రాడు రాత్రి భోజనం అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని షూటింగ్ ఆట ఆడుతున్నాడనుకుందాం. గోడ మూల నుంచి ప్రత్యర్థి ఒకడు తొంగిచూశాడు. కుర్రాడి మౌస్ చటుక్కున పక్కకు కదిలింది. ఒకే ఒక్క తూటా, నేరుగా తలకు. అంతా సెకనులో ఐదో వంతులో అయిపోయింది. అవతలి జట్టులో ఎవరో చాట్‌లో ‘హ్యాకర్’ అని రాసి, రిపోర్ట్ బటన్ నొక్కారు.

ఇక తేల్చాల్సింది ఆటను నడిపే సర్వర్. అది వందల కిలోమీటర్ల అవతల, ఉదాహరణకు ముంబైలో, ఉంటుంది. దానికి కుర్రాడి చెయ్యి కనబడదు, మౌస్ కనబడదు. దానికి చేరేవి అంకెలే: ఫలానా క్షణంలో చూపు ఇంత కోణం తిరిగింది, ఫలానా క్షణంలో కాల్పు జరిగింది. ఆ అంకెలను పుట్టించింది ఏళ్ల తరబడి సాధన చేసిన చెయ్యా, ‘ఎయిమ్‌బాట్’ అనే దొంగ ప్రోగ్రామా అన్నది ఆ అంకెల్లోంచే బయటపడాలి. పొరబడితే రెండు వైపులా నష్టమే. దొంగను వదిలేస్తే నిజాయితీగా ఆడేవాళ్లు విసిగిపోయి ఆట మానేస్తారు. నిజంగా గురి కుదిరినవాణ్ని దొంగ అంటే అతని ఖాతా పోతుంది, దాంతోపాటు పేరూ పోతుంది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వాటిని పోటీ క్రీడగా గుర్తించింది. కాబట్టి పిల్లల గొడవ అని దీన్ని కొట్టిపారేయడానికి లేదు.

శత్రువు ఎక్కడున్నాడో కంప్యూటర్‌కు ముందే తెలుసు

భిలాయ్ నుంచి ముంబైకి గాలిదారిన సుమారు 900 కిలోమీటర్లు. ఆప్టికల్ ఫైబర్ గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అంటే సంకేతం ముంబై చేరడానికి నాలుగున్నర మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి 9 మిల్లీసెకన్లు తప్పనిసరి. ఎంత డబ్బు పెట్టినా ఇంతకంటే తగ్గదు. నిజానికి కేబుళ్లు తిన్నగా వెళ్లవు, దారిలో ప్రతి రౌటర్ దగ్గరా కొంత ఆలస్యం తోడవుతుంది, కాబట్టి వాస్తవంగా పట్టే సమయం దీనికి కొన్ని రెట్లుంటుంది. సర్వరేమో ఆట స్థితిని సెకనుకు 64 సార్లు, కొన్ని ఆటల్లో 128 సార్లు లెక్కగడుతూ ఉంటుంది.

ప్రతి కదలికకూ సర్వర్ జవాబు కోసం ఆగితే ఆట కుంటుతూ సాగుతుంది. అందుకే చుట్టుపక్కల ఎవరెక్కడున్నారన్న సమాచారాన్ని సర్వర్ ముందుగానే ఆటగాళ్లందరి కంప్యూటర్లకూ పంపేస్తుంది. గోడ వెనక నక్కినవాడు తెర మీద కనిపించకపోవచ్చు, అతని స్థానం మాత్రం కంప్యూటర్ మెమరీలో ఎక్కడో అంకెల రూపంలో ఉంటుంది. ప్రశ్నపత్రాన్ని ముందురోజే విద్యార్థి ఇంటికి పంపి, కవరు విప్పొద్దని చెప్పినట్టుంటుంది ఈ ఏర్పాటు.

ఎయిమ్‌బాట్ చేసేది ఆ కవరు విప్పడమే. తానెక్కడున్నాడో, శత్రువు తల ఎక్కడుందో తెలిస్తే, చూపును అడ్డంగా ఎన్ని డిగ్రీలు, నిలువుగా ఎన్ని డిగ్రీలు తిప్పాలో చెప్పడానికి పదో తరగతి త్రికోణమితి చాలు. కంప్యూటర్‌కు ఆ లెక్క ఒక మిల్లీసెకను పని కూడా కాదు. మోసాల్లో ఇంకా రకాలున్నాయి. గురి ఆటగాడే పెట్టుకుంటాడు, గురిగుర్తు శత్రువు మీదికి రాగానే తూటా పేల్చడం మాత్రం ప్రోగ్రామ్ చూసుకుంటుంది. దీన్ని ‘ట్రిగ్గర్‌బాట్’ అంటారు. మెమరీ జోలికే పోకుండా, తెర మీద శత్రువు చుట్టూ కనిపించే రంగు అంచును చూసి గురి పెట్టేవి ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక కార్డు బిగించి, పక్కనున్న రెండో కంప్యూటర్ చేత మెమరీని చదివించేవీ ఉన్నాయి. ఈ చివరి పద్ధతిలో ఆట నడిచే యంత్రంలో దొంగ ప్రోగ్రామ్ ఆనవాలు దాదాపు ఏమీ మిగలదు.

కవరే పంపకపోతే? ‘వాలరెంట్’ ఆట తయారీదారులు కొంతవరకు ఆ దారే పట్టారు. శత్రువు కంటబడే అవకాశం దగ్గరపడేదాకా అతని స్థానాన్ని సర్వర్ పంపదు. గోడల వెనక్కి చూసే మోసానికి ఇది మంచి విరుగుడు. కానీ శత్రువు ఎదుటపడ్డాక స్థానం పంపక తప్పదు, ఎయిమ్‌బాట్‌కు కావాల్సిందీ అప్పుడే.

షాంఘైలో ఏం జరిగింది

భారతీయ గేమింగ్ చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన ఘటన 2018 అక్టోబరులో షాంఘైలో జరిగింది. ‘ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్’ ఆసియా ఫైనల్స్‌లో ‘కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్’ పోటీ నడుస్తోంది. మన దేశం తరఫున బరిలో ఉన్న ‘ఆప్టిక్ ఇండియా’ జట్టు వియత్నాం జట్టుతో ఆడుతోంది. భారత జట్టులో ‘ఫర్సేకెన్’ అనే పేరుతో ఆడే ఆటగాడి గురి మీద నిర్వాహకులకు అనుమానం వచ్చింది. ఆట ఆపి, అతని కంప్యూటర్ దగ్గరికొచ్చి చూస్తే ‘వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ఫైలు దొరికింది. పేరు చూస్తే ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్, లోపల ఉన్నది గురి కుదిర్చే ప్రోగ్రామ్. జట్టును పోటీ నుంచి తప్పించారు. మాతృసంస్థ ఆ జట్టునే రద్దు చేసింది. ఆ ఆటగాడిపై ఈ-స్పోర్ట్స్ ఇంటిగ్రిటీ కోయలిషన్ ఐదేళ్ల నిషేధం విధించింది. ఏ తప్పూ చేయని మిగతా నలుగురి అవకాశమూ ఆ రోజుతో పోయింది.

అక్కడ నిర్వాహకులు నాలుగడుగులు వేసి కంప్యూటర్ తెరిచి చూడగలిగారు. రుఆబాంధా క్వార్టర్‌కు అలా ఎవరూ రారు. ఇంటి నుంచి ఆడే లక్షల మంది విషయంలో మొదటి సాక్ష్యం గురి కదిలిన తీరే.

చెయ్యి ఎలా కదులుతుంది

మనిషి చెయ్యి లక్ష్యం వైపు ఎలా వెళ్తుందన్న ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. 1899లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్, చేతి కదలికలో రెండు దశలుంటాయని చూపించాడు. మొదట ఒక్క ఊపులో లక్ష్యం దగ్గరికి దూసుకెళ్లడం, తర్వాత కంటితో చూసుకుంటూ చిన్న చిన్న సవరణలు చేసుకోవడం. సూదిలో దారం ఎక్కించేటప్పుడు గమనిస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది. దారం కొస సూది దగ్గరికి ఇట్టే వస్తుంది, కన్నంలో దూరడానికే ఆలస్యం.

1954లో పాల్ ఫిట్స్ దీనికి లెక్క కట్టాడు. లక్ష్యం ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, చేరడానికి అంత సమయం పడుతుంది. ఆ సమయం దూరాన్ని లక్ష్యం వెడల్పుతో భాగించగా వచ్చే సంఖ్య తాలూకు సంవర్గమానాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెట్టింపైనా, లక్ష్యం సగమైనా అదనంగా పట్టే సమయం ఒకటే. తెర మీద బటన్లు ఎంత పెద్దగా ఉండాలో నిర్ణయించేటప్పుడు ఈ సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఆటలో దూరంగా ఉన్న శత్రువు తల చిన్న లక్ష్యం, దగ్గరున్న వాడి ఛాతీ పెద్ద లక్ష్యం. నిజమైన ఆటగాడి సమయాలు ఈ రెంటికీ తేడా చూపిస్తాయి. మొరటు ఎయిమ్‌బాట్‌కు 5 డిగ్రీలైనా 90 డిగ్రీలైనా ఒకటే.

1998లో క్రిస్టఫర్ హారిస్, డేనియల్ వోల్పర్ట్ మరో ముఖ్యమైన సంగతి చెప్పారు. మెదడు కండరాలకు పంపే ఆదేశంలో కొంత ‘రొద’ కలిసే ఉంటుంది. ఆదేశం ఎంత బలమైనదైతే ఆ రొద అంత ఎక్కువ. వేగంగా విసిరిన చెయ్యి ఎక్కువ గురి తప్పేది ఇందుకే. దీనికి తోడు, కదలకుండా పట్టుకున్న చేతిలో కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నటి వణుకు ఉంటుంది. ఇది జబ్బు కాదు, ఆరోగ్యవంతులందరికీ ఉండేదే.

ఇక ప్రతిస్పందన కాలం. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సాధన ఉన్నవాళ్లలో ఇది కొంత తగ్గుతుంది. అయితే ఇక్కడ సగటు కంటే ఆ కాలాలు పరుచుకున్న తీరు ఎక్కువ చెబుతుంది. ఒకే మనిషి వంద సార్లు స్పందిస్తే ఎక్కువ భాగం ఒకచోట గుమిగూడి, కొన్ని బాగా ఆలస్యమై తోకలా సాగుతాయి. ఒక క్షణం దృష్టి మళ్లింది, ఒకసారి రెప్ప పడింది, అంతే. ట్రిగ్గర్‌బాట్‌కు రెప్పలు లేవు. దానికి నిర్ణీత ఆలస్యం పెడితే అన్నీ ఒకేచోట సూదిమొనలా నిలబడతాయి.

దొంగ ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకూ ఈ పరిశోధనలు అందుబాటులోనే ఉన్నాయి. అందుకే ఇప్పటి ఎయిమ్‌బాట్‌లు ఒక్కసారిగా తిరగవు. నెమ్మదిగా జారుతాయి, కావాలని కొంచెం వణుకుతాయి, అప్పుడప్పుడు గురి తప్పుతాయి కూడా. అయితే యాదృచ్ఛిక సంఖ్యలు కలిపినంత మాత్రాన చేతి రొద తయారవదు. వేగంతోపాటు పెరగాలి, సవరణలు ముందటి తప్పుకు ఎదురుదిశలో ఉండాలి, అలసటతో మారాలి. ఇవన్నీ కలిపి అచ్చం మనిషిలా చేస్తే? అప్పుడు ఎయిమ్‌బాట్ వల్ల వచ్చే లాభమూ మనిషి స్థాయికే పడిపోతుంది. మోసగాడికి ఉన్న ఇరకాటం ఇదే. ఎంత దాక్కుంటే అంత తక్కువ గెలుస్తాడు. దురదృష్టం ఏమిటంటే, సమవుజ్జీల మధ్య గెలవడానికి ఆ కొంచెం చాలు.

ఒక తూటా ఏమీ చెప్పదు

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. 200 మిల్లీసెకన్లలో తలకు తగిలిన ఆ తూటా మోసానికి రుజువా? కాదు. శత్రువు అడుగుల చప్పుడు హెడ్‌ఫోన్‌లో ముందే వినిపించి ఉండొచ్చు. అతను వచ్చే మూల మీద తల ఎత్తులో గురి ముందే పెట్టుకుని ఉండొచ్చు. బాగా ఆడేవాళ్లందరూ చేసే పనే ఇది.

ఒక్క సంఖ్య మీద గీత గీస్తే ఏమవుతుందో అథ్లెటిక్స్‌లో చూశాం. తుపాకీ పేలాక 100 మిల్లీసెకన్లలోపు కదిలితే అది ఫౌల్ స్టార్ట్. 2022 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో, 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో అమెరికా ఆటగాడు డెవాన్ అలెన్ ప్రతిస్పందన కాలం 99 మిల్లీసెకన్లని యంత్రం చూపింది. ఒక్క మిల్లీసెకను తేడాతో, సొంత ప్రేక్షకుల ముందు, అతన్ని పరుగే పెట్టనివ్వలేదు. ఆ గీత సరైనచోట ఉందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

అందుకే ఆటల్లో ఒక్క తూటాను కాక చాలా తూటాలను కలిపి చూస్తారు. కౌంటర్ స్ట్రైక్ తయారీ సంస్థ వాల్వ్ తన ‘వ్యాక్‌నెట్’ వ్యవస్థ గురించి 2018లో ఆ సంస్థ ఇంజినీర్ జాన్ మెక్‌డొనాల్డ్ ద్వారా వివరాలు బయటపెట్టింది. ప్రతి కాల్పుకూ అర సెకను ముందు నుంచి పావు సెకను తర్వాత వరకు చూపు కోణాలు ఎలా మారాయో తీసుకుంటారు. అలాంటి 140 కాల్పులను ఒక డీప్ లెర్నింగ్ వ్యవస్థకు ఇస్తారు. అప్పట్లో అది అనుమానం చెప్పేది, అంతే. తీర్పు చెప్పింది రికార్డింగ్ చూసే అనుభవజ్ఞులైన ఆటగాళ్లు. ఆటగాళ్ల ఫిర్యాదుల మీద వచ్చిన కేసుల్లో 15 నుంచి 30 శాతమే నిజమని తేలితే, వ్యాక్‌నెట్ పంపిన వాటిలో 80 నుంచి 95 శాతం నిజమని తేలాయి. మొదటి అంకెను మరోలా చదివితే, ‘హ్యాకర్’ అని నిందపడ్డవాళ్లలో ఎక్కువమంది మీద మోసం రుజువు కాలేదు.

140 ఎందుకు సాయపడుతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక్కో కాల్పు తీరు, నిజాయితీగా ఆడేవాడి కంటే మోసగాడి నుంచి వచ్చే అవకాశం కేవలం 1.1 రెట్లు ఎక్కువనుకుందాం. ఒక్కటిగా చూస్తే ఏమీ కాదు. కానీ 140 కాల్పులూ అలాగే ఉంటే 1.1ని 140 సార్లు గుణించాలి. వచ్చేది 6 లక్షల పైచిలుకు. సాక్ష్యం ఒక్కొక్కటిగా చేరుతుంటే ఎప్పుడు ఆగి నిర్ణయం చెప్పొచ్చో గణితంగా చూపినవాడు ఏబ్రహాం వాల్డ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధాల నాణ్యత తనిఖీ కోసం ఆ పద్ధతిని తయారుచేశాడు. 1950లో మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఈ గుణకారంలో ఒక మెలిక ఉంది. 140 కాల్పులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే అలా గుణించాలి. అవన్నీ ఒకే చేతివి, ఒకే మౌస్‌వి, ఒకే అలవాటువి. ఒక ఆటగాడి కదలిక పుట్టుకతోనే కొంచెం వింతగా ఉంటే, ఆ వింత 140 సార్లూ కనిపిస్తుంది. అది 140 సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం 140 సార్లు.

వింతను కొలవడంలో మన గణాంక శాస్త్రానికి పాత పరిచయమే ఉంది. కలకత్తాలో పి.సి. మహలనోబిస్ 1936లో ప్రచురించిన ‘దూరం’ కొలత ఇప్పటికీ అసాధారణాన్ని గుర్తించే పద్ధతుల్లో ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఆయన సంస్థలో చేరిన సి.ఆర్. రావు, 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను ఈ పద్ధతితోనే విశ్లేషించారు. ఎముకలకూ ఎయిమ్‌బాట్‌కూ ఏం సంబంధం అనిపించవచ్చు. ఆరడుగుల మనిషి అరుదు కాదు, 45 కిలోల మనిషి అరుదు కాదు, ఆరడుగులుండి 45 కిలోలున్న మనిషి అరుదు. కొలతలను విడివిడిగా కాక, అవి మామూలుగా ఎలా జతకూడతాయో చూసి దూరం కట్టడమే ఆ పద్ధతి. ఆటలోనూ వేగం ఒక్కటే, కచ్చితత్వం ఒక్కటే తప్పు కాదు. పెద్ద కోణం, చిన్న లక్ష్యం, గొప్ప వేగం, సవరణ లేని కదలిక ఒకేసారి, పదేపదే కనిపిస్తే అప్పుడు చూడాలి.

ఎంత మంచి పరీక్ష అయినా అమాయకులను పట్టుకుంటుంది. పది లక్షల మంది ఆడుతున్నారనీ, అందులో నూటికి ఒక్కరు, అంటే 10,000 మంది మోసం చేస్తున్నారనీ అనుకుందాం. మన పరీక్ష మోసగాళ్లలో 95 శాతం మందిని పట్టుకుంటుంది, నిజాయితీపరుల్లో ఒక్క శాతాన్నే పొరబాటుగా పట్టుకుంటుంది. వినడానికి చాలా బాగుంది. దొరికిన మోసగాళ్లు 9,500. మిగతా 9 లక్షల 90 వేల మందిలో ఒక్క శాతం అంటే 9,900 మంది అమాయకులు. పట్టుబడ్డవాళ్లలో సగానికి పైగా ఏ తప్పూ చేయనివాళ్లే!

ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రి అయితే ఈ చిక్కు వెంటనే పోల్చుకుంటాడు. భిలాయ్‌లో తయారైన రైలు పట్టాలను అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. లోపల పగులుంటే ప్రతిధ్వని వస్తుంది. యంత్రం మరీ చిన్న ప్రతిధ్వనికే మోగేలా పెడితే మంచి పట్టా కూడా తిరస్కారానికి గురవుతుంది, మరీ పెద్దదానికే పెడితే పగులున్న పట్టా లైను మీదికి పోతుంది. పట్టాల విషయంలో ఎటు మొగ్గాలో స్పష్టం. ఒక రైలు కంటే వంద పట్టాలు పోవడం మేలు. మనుషుల విషయంలో మొగ్గు రెండో వైపు ఉండాలి. నిషేధం పడ్డ ఆటగాణ్ని కరిగించి మళ్లీ పోత పోయలేం కదా.

తలుపు దగ్గర కాపలా

గురిని బట్టి కాక ప్రోగ్రామ్‌నే పట్టుకునే మార్గమూ ఉంది. వాలరెంట్‌తో పాటు 2020లో వచ్చిన ‘వాన్‌గార్డ్’ లాంటి కాపలా సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్ అడుగున ఉండే కెర్నెల్‌లో చేరి కూర్చుంటుంది. ఆట మెమరీని ఎవరు చదువుతున్నారో అక్కడి నుంచి చూస్తుంది. ఫలితం బాగుంటుంది, ఖరీదూ ఉంది. ఒక ఆట కంపెనీకి ఇంట్లోని కంప్యూటర్ మీద అంత అధికారం ఇవ్వాలా అన్న అభ్యంతరం సబబైనదే. అదే కంప్యూటర్‌లో నాన్న బ్యాంకు లావాదేవీలు కూడా ఉంటాయి. రెండో కంప్యూటర్‌తో చేసే మోసం ఈ కాపలాకూ అంత తేలిగ్గా చిక్కదు. అలాంటప్పుడు కదలిక లెక్కలే మళ్లీ దిక్కు.

మన దేశంలో ఎక్కువమంది ఆడేది కంప్యూటర్ మీద కాదు, ఫోన్ మీద. అక్కడ మౌస్ స్థానంలో బొటనవేలు, కొందరికి ఫోన్‌ను వంచితే పనిచేసే జైరోస్కోప్. తెర మీద వేలితో గురి పెట్టడం కష్టం కాబట్టి చాలా ఆటలు తామే కొంత సాయం చేస్తాయి. గురి శత్రువు దగ్గరికొస్తే మెల్లగా అటు లాగుతాయి. అంటే కొద్దిపాటి ఎయిమ్‌బాట్ ఆటలోనే, అధికారికంగా, అందరికీ ఉంది. చేతి రొద ఎక్కడ ఆగిందో, సాయం ఎక్కడ మొదలైందో, దొంగసాయం ఎక్కడ కలిసిందో విడదీయడం ఫోన్‌లో మరింత కష్టం. మౌస్ ఆటగాళ్ల మీద శిక్షణ పొందిన వ్యవస్థను తెచ్చి ఇక్కడ వాడితే తీర్పులు గతి తప్పుతాయి.

రుఆబాంధా కుర్రాడి కేసు పరిశీలకుడి తెర మీదికి వస్తే, అతను ముందుగా ఆ మెరుపు తూటాను చూడడు. తప్పిపోయినవి చూస్తాడు. గురి లక్ష్యాన్ని దాటిపోయి వెనక్కి వచ్చిందా, దూరపు తలల మీద ఎక్కువసేపు పట్టిందా, పెద్ద కోణాల్లో ఎక్కువ తప్పిందా, పదకొండు దాటాక నిద్రమత్తుకు ఆలస్యం పెరిగిందా అని. ఆ రాత్రి అతను పేల్చినవాటిలో సగానికి పైగా గోడలకే తగిలి ఉంటే, అతని తరఫున సాక్ష్యం చెప్పేవి అవే.